అడగడానికి ఒక భాష: తెలుగు మనోవైజ్ఞానిక నవల, ప్రశ్నోత్తర శీర్షిక

తెలుగు నవలా విమర్శలో 'మనోవైజ్ఞానిక నవల' అనే వర్గీకరణ స్థిరపడి చాలాకాలమైంది. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర', బుచ్చిబాబు 'చివరకు మిగిలేది', రాచకొండ విశ్వనాథశాస్త్రి 'అల్పజీవి', నవీన్ 'అంపశయ్య' - ఈ నాలుగు పేర్లు లేకుండా ఆ అధ్యాయం సాగదు. వీటిపై వచ్చిన విమర్శ రాశిలోనూ వాసిలోనూ తక్కువది కాదు. ఫ్రాయిడ్ ప్రభావం ఎంత, ఆడ్లర్ చెప్పిన ఆత్మన్యూనతా భావన ఎక్కడ కనిపిస్తుంది, చైతన్యస్రవంతి పద్ధతిని ఎవరు ఎంతవరకు పాటించారు, అస్తిత్వవాద ఛాయలు ఉన్నాయా లేవా అన్న ప్రశ్నల చుట్టూ ఆ విమర్శ విస్తరించింది. వీటి నడుమ ఒక చిన్న ప్రశ్న మాత్రం మరుగున ఉండిపోయిందనిపిస్తుంది. ఈ నవలల్లో బాధపడుతున్న మనిషి తన బాధను ఎవరికి చెప్పుకున్నాడు? ఏమని అడిగాడు? ఏం జవాబు దొరికింది?

ఈ వ్యాసం ఆ ప్రశ్నకే పరిమితం. మానసిక రుగ్మతతో బతుకుతున్న మనిషికి గానీ, అతనితో కలిసి బతుకుతున్న ఇంటివారికి గానీ మొదట కావలసినవి రెండు: ఏమవుతోందో తెలిపే సమాచారం, చెప్పుకుంటే వినే మనిషి. ఈ రెండింటికోసం సాగే వెతుకులాటను మన నవల ఎంతవరకు పట్టుకుంది అని చూడబోతే, విమర్శ లెక్కలోకి తీసుకోని మరొక వచన ప్రక్రియ ఎదురవుతుంది. అది వారపత్రికల్లోని ప్రశ్నోత్తర శీర్షిక. నవల మనసు లోపలికి దారి వేసింది. లోపలినుంచి బయటికి వచ్చి అడిగే మాటను మాత్రం మన సాహిత్యం ఆ శీర్షికకే వదిలేసింది. దానిని సాహిత్యంగా మనం ఎన్నడూ లెక్కించలేదు.

ఒక విషయం ముందే స్పష్టం చేయవలసి ఉంది. పాత్రలకు రోగనిర్ధారణ చేయడం ఈ వ్యాసం పని కాదు. సీతారామారావుకు ఫలానా జబ్బు ఉందని, సుబ్బయ్యకు ఫలానా లక్షణాలు ఉన్నాయని తేల్చే వ్యాసాలు మన విశ్వవిద్యాలయాల్లో అప్పుడప్పుడు వస్తూనే ఉన్నాయి; వాటివల్ల అటు వైద్యానికీ ఇటు సాహిత్యానికీ ఒరిగిందేమీ కనిపించదు. పాత్రకు జబ్బు ఉన్నదా లేదా అన్నది పక్కన పెట్టినా, తట్టుకోలేని బాధ ఉన్నదని నవలే చెబుతోంది. ఆ బాధ ఇంకొక మనిషి చెవిన పడే ఘట్టాన్ని రచయిత ఎలా రాశాడన్నది శుద్ధంగా సాహిత్య ప్రశ్న.

పేరు దగ్గర చిక్కు

అడగాలంటే ముందు దానికొక పేరు ఉండాలి. తెలుగులో ఆ పేరు దగ్గరే చిక్కు మొదలవుతుంది. 'పిచ్చి' అన్న మాట వ్యాప్తి ఎంతటిదంటే, 'పిచ్చితల్లీ' అన్న లాలనా దానిలోనే ఉంది, 'సినిమా పిచ్చి' అన్న వేడుకా ఉంది, 'పిచ్చిమొక్క' అన్న నిరుపయోగమూ ఉంది. 'వెర్రి' కూడా అంతే. ఇన్ని అర్థాలను మోసే మాట ఒక నిర్దిష్టమైన బాధను సూచించలేదు. సూచించినప్పుడు అవమానంగానే సూచిస్తుంది. హైదరాబాదులో 'ఎర్రగడ్డ' అన్న ఊరి పేరు, విశాఖ వైపు 'వాల్తేరు' అన్న పేరు అక్కడి ఆసుపత్రుల మూలంగా తిట్లుగా మారిన వైనం అందరికీ తెలిసిందే. ఒక వైద్యశాల ఉన్న చోటే తిట్టుగా మారినప్పుడు, అక్కడికి వెళ్లాలంటే ఏ బస్సు ఎక్కాలని ఎవరినైనా అడగడం కూడా ఒక ఒప్పుకోలే అవుతుంది.

పండితుల మాట 'ఉన్మాదం' ఆయుర్వేదం నుంచి వచ్చింది. దానిని ఈనాటి దినపత్రికలు 'ప్రేమోన్మాది' అంటూ దాడులు చేసేవారికి కట్టబెట్టాయి. 'కుంగుబాటు' పత్రికలు వాడుకలోకి తెచ్చిన మంచి మాటే, కానీ నోటి వాడుకలోకి ఇంకా పూర్తిగా దిగలేదు. నోటిలో ఉన్నవి 'దిగులు', 'బెంగ', తెలంగాణలో 'మనాది'. ఇవి చక్కని మాటలు, బాధపడేవాడిని అవమానించవు. అయితే వీటికి ఎప్పుడూ ఒక కారణం తోడుగా ఉండాలి. ఎవరిమీదో బెంగ, దేనిగురించో దిగులు, పోయినవారి మనాది. కారణం చూపలేని బాధకు ఈ మాటలు సరిపోవు. అక్కడ 'గాలి సోకింది', 'చేతబడి', 'చిల్లంగి', 'బాణామతి' అన్న మాటలు వచ్చి ఖాళీని నింపుతాయి. వాటిలో సమాచారం లేకపోలేదు. ఎవరు చేశారు, ఎందుకు చేశారు, ఎవరి దగ్గరికి వెళ్లాలి అన్న మూడింటికీ ఆ పదజాలంలో తక్షణం జవాబు దొరుకుతుంది. 'కన్యాశుల్కం'లో పూజారి గవరయ్య దయ్యాన్ని సీసాలో బిగించే తంతును చూసి నవ్వుకుంటాం గానీ, భయంతో ఉన్న లుబ్ధావధాన్లకు ఆ ఇంట ఆ రాత్రి జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉన్నవాడు గవరయ్య ఒక్కడే అన్న సంగతి గమనించం.

మన సామెతల్లో ఒకటి ఈ సందర్భంలో ప్రత్యేకంగా పేర్కొనదగింది. 'పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి' అన్నది తరచుగా వినే సామెత. మానసిక రుగ్మత ఉన్న మనిషి స్వయంగా నోరు విప్పి, తన ఆరోగ్యం గురించి తాను మాట్లాడే సామెత నాకు తెలిసినంతలో ఇదొక్కటే. అతను నోరు విప్పిన మరుక్షణం వినేవారు నవ్వాలి; సామెత నిర్మాణమే అది. తన స్థితిని తాను చెప్పుకునే హక్కు అతనికి లేదని ఇంత క్లుప్తంగా చెప్పిన వాక్యం మరొకటి లేదు.

వినేవాడు పాఠకుడొక్కడే

నాలుగు నవలల్లోనూ ఎవరో ఒకరు వినడానికి సిద్ధంగానే ఉన్నారు. ఇది మొదట గమనించవలసిన అంశం. సీతారామారావుకు రామయ్యతాత ఉన్నాడు. దయానిధికి అమృతం ఉంది, రాయలసీమ భాగంలో అనంతాచార్యులు ఉన్నాడు. సుబ్బయ్యకు మనోరమ ఉంది. రవి చుట్టూ ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహం నిండా మనుషులే. కాబట్టి వీరు ఏకాకులు కావడానికి మనుషులు లేకపోవడం కారణం కాదు. ఉన్న మనుషులతో జరిగే మాట ఏ రూపం తీసుకున్నదన్నదే ప్రశ్న.

సీతారామారావు విషయంలో అది వాదం. రామయ్యతాత దగ్గరికి అతను అడగడానికి వెళ్లినట్టు కనిపిస్తాడు కానీ, నోరు తెరిచేసరికి అది గెలుపోటముల వ్యవహారంగా మారిపోతుంది. వంశప్రతిష్ఠ నిలబెట్టమన్న తండ్రి మాట నెత్తిన మోస్తున్నవాడికి ఇతరుల ముందు 'నాకు తెలియదు' అనడం అసాధ్యం. గోపీచంద్ ఈ అసాధ్యతను చాలా నిశితంగా పట్టుకున్నాడు. ఆ నవలలోని సంభాషణలు దీర్ఘంగా, తత్త్వచర్చల్లా ఉన్నాయని కొందరు విమర్శకులు లోపంగా చెప్పారు. నా దృష్టిలో అది లోపం కాదు. సహాయం అడగలేని మనిషి తత్త్వం మాట్లాడతాడు. చివరికి శ్మశానంలో జరిగేదానికి ఆ చర్చలే దారి తీశాయి. అప్పటి శిక్షాస్మృతి ప్రకారం ఆత్మహత్యాయత్నం నేరం కూడా. చావు తలపును ఒకరికి చెప్పుకోవడం అంటే, ఆ కాలపు మనిషికి, ఓదార్పుతోపాటు నిఘాను కూడా కొనితెచ్చుకోవడమే.

'చివరకు మిగిలేది' పరిస్థితి మరింత విచిత్రం. దయానిధి స్వయంగా వైద్యుడు. నాడి పట్టడం, ఇతరుల బాధను ప్రశ్నలు వేసి రాబట్టడం అతని వృత్తి. అయినా తల్లి నడవడిపై లోకం వేసిన నింద తనలో చేసిన గాయం దగ్గరికి వచ్చేసరికి అతను రోగి స్థానంలో ఎన్నడూ కూర్చోడు. అనంతాచార్యులుతో జరిగే సంభాషణల్లో అది జీవితపరమార్థం గురించిన ప్రశ్నగా ఎదుగుతుంది. నవలకు గౌరవం తెచ్చినవి ఆ పుటలే, కాదనలేం. కానీ 'నాకు నిద్ర పట్టడం లేదు, ఏం చేయాలి' అన్న స్థాయిలో ఒక వాక్యం దయానిధి నోట వచ్చి ఉంటే ఆ నవల ఏమై ఉండేది? బహుశా చిన్నదై ఉండేది. బుచ్చిబాబు ప్రతిభను తగ్గించడానికి ఈ మాట అనడం లేదు. బాధను అర్థంగా మార్చడం ఆ నవల సాధించిన విజయం. బాధను ప్రశ్నగా మార్చకపోవడం దానికి చెల్లించిన మూల్యం.

చారిత్రక న్యాయం కూడా చేయవలసి ఉంది. ఈ రెండు నవలలూ 1940ల నాటివి. మనోవైద్యంలో మందుల శకాన్ని ప్రారంభించిన క్లోర్‌ప్రొమజైన్ వాడుకలోకి వచ్చింది 1952లో. కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ 1922లోనే మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించినా, కృష్ణా గోదావరి జిల్లాల పల్లెల్లో ఉన్నవాడికి దానితో పనేముంది? చట్టం అంటే 1912 నాటి లూనసీ చట్టం. దాని ప్రధాన చింత నిర్బంధం. అడిగి ప్రయోజనం లేని కాలంలో అడగని పాత్రలను చిత్రించినందుకు రచయితలను తప్పుపట్టలేం.

ఆ మినహాయింపు 1969లో వచ్చిన 'అంపశయ్య'కు పూర్తిగా వర్తించదు. ఒక ఉదయం నుంచి రాత్రి దాకా రవి మనసులో సాగే ప్రతి కదలికా పాఠకుడికి తెలుస్తుంది. డబ్బు లేకపోవడం, పరీక్షల భయం, ఊళ్లో ఇంటి పరిస్థితి, కోరిక, సిగ్గు, అసూయ ఏదీ దాగదు. పక్క మంచం మీది మిత్రుడికి మాత్రం వీటిలో పదో వంతు కూడా తెలియదు. చైతన్యస్రవంతి పద్ధతి గురించి మనం చెప్పుకునే వివరణల్లో ఈ అసమానత ప్రస్తావన రాదు. ఆ పద్ధతిలో రాసిన నవలలో అందరికంటె ఎక్కువ వినేవాడు పాఠకుడు. కానీ ఆ పాఠకుడు జవాబు చెప్పలేడు. పాత్రకు చెప్పుకున్న తృప్తి దక్కదు, పాఠకుడికి సాయపడిన తృప్తి దక్కదు. 'అంపశయ్య' చదివినప్పుడు కలిగే ఊపిరాడనితనానికి వాక్యనిర్మాణం ఎంత కారణమో, మాట్లాడటానికి వీలులేని ఈ సాన్నిహిత్యం కూడా అంతే కారణం.

'అల్పజీవి' కొంత తేడా. మనోరమ సాన్నిధ్యంలో సుబ్బయ్యకు కాసేపు ఊపిరాడుతుంది. భయపడే గుమాస్తాకు తన భయం ఎదుటివారికి హాస్యాస్పదంగా కనిపించని చోటు అదొక్కటే. వైద్యమూ సలహా ఏమీ లేకుండానే, ఒక మనిషి పక్కన కూర్చోవడం వల్ల మరొక మనిషి తేరుకోవడాన్ని ఈ నాలుగింటిలో రావిశాస్త్రి ఒక్కడే రాశాడు. అయితే ఆ ఊరట ఇంటి బయట దొరికింది. దాని ఖర్చు ఇంట్లో ఉన్న భార్య సావిత్రి భరించాలి.

ఇంటివారి ప్రశ్న

సావిత్రి పేరు వచ్చింది కాబట్టి అసలు లోటు దగ్గరికి వద్దాం. నాలుగు నవలల్లోనూ కేంద్రంలో ఉన్నది చదువుకున్న పురుషుడు. అతని మనసు తెరిచి చూపడానికి ఇంతటి శిల్పం వినియోగమైంది. అతనితో ఒకే ఇంట్లో ఉన్న స్త్రీకి ఏం తెలియాలి, ఆమె ఎవరిని అడగాలి అన్నది ఈ నవలల పరిధిలోకి రాలేదు. సీతారామారావు భార్యను, కూతురిని కొడతాడు. పాఠకుడికి అతను ఎందుకు కొట్టాడో తెలుసు. రచయిత పుటలకు పుటలు వివరించాడు. ఆమెకు తెలియదు. 'ఈయనకు ఏమైంది? ఇది జబ్బా, పొగరా? తగ్గుతుందా? బిడ్డను తీసుకుని పుట్టింటికి పోవాలా?' అన్న ప్రశ్నలు ఆమెకు కలగకుండా ఉండవు. నవల వాటిని అడగనివ్వదు. స్త్రీవాద విమర్శ ఆ దెబ్బలను సరిగానే ఎత్తిచూపింది. దానికి చేర్చవలసింది మరొకటి ఉంది. దెబ్బలతోపాటు ఆమెకు సమాచారం కూడా నిరాకరించబడింది. సమస్త వివరణా పాఠకుడి వైపు ప్రవహించి, అవసరమైన మనిషికి చుక్క కూడా చేరలేదు.

ఆ స్త్రీ ప్రశ్న అచ్చులో కనిపించిన చోటు ప్రశ్నోత్తర శీర్షిక. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీచందూర్ 1952లో ప్రారంభించి నాలుగు దశాబ్దాలకు పైగా నడిపిన 'ప్రమదావనం', ఆ తరవాత స్వాతి మాసపత్రికలో ఆమె నిర్వహించిన 'నన్ను అడగండి' ఈ ప్రక్రియకు తెలుగులో మూలస్తంభాలు. వంట, కుట్లు, ఆరోగ్యం, అత్తాకోడళ్ల వ్యవహారం, కొత్త పుస్తకాలు అన్నీ ఒకే పుటలో ఇమిడిన శీర్షిక అది. స్వాతి వారపత్రికలో డాక్టర్ సమరం లైంగిక ఆరోగ్యం గురించి ఇచ్చిన జవాబులు, సి. నరసింహారావు సంపాదకత్వంలో మనస్తత్వశాస్త్ర విషయాలకే కేటాయించబడి వచ్చిన 'రేపు' మాసపత్రిక ఇదే కోవలో ఇంకొక దిశ. మాలతీచందూర్ నవలల మీద సిద్ధాంత గ్రంథాలు వచ్చాయి. ఆమె జవాబులను ప్రక్రియగా తీసుకుని చేసిన పరిశోధనకు మాత్రం తగిన స్థానం దొరకలేదు. 'వినోద వ్యాసంగం', 'పత్రికా రచన' అన్న పేర్లతో వాటిని పక్కన పెట్టడం సులువు.

ఆ ప్రక్రియ నిర్మాణాన్ని గమనించండి. చైతన్యస్రవంతికి సరిగ్గా వ్యతిరేకం. ఇక్కడ మాట్లాడే మనిషి ఎవరో తెలియదు. ఊరు, పొడి అక్షరాలు తప్ప ఏమీ ఉండవు. చెప్పేది అయిదారు వాక్యాలు. కానీ ఎదుట ఒక చదివేవారు ఉన్నారు, వారు జవాబిస్తారు. కాబట్టి రాసేవారు ఏది ముందు చెప్పాలో, ఏది వదిలేయాలో, చివరికి ఏమని అడగాలో నిర్ణయించుకోక తప్పదు. ఆ నిర్ణయంలో ఒక శిల్పం ఉంది.

పోస్టు చేయని ఉత్తరం

ఆ శిల్పాన్ని చూపడానికి ముద్రిత లేఖలకంటె ముద్రణకు వెళ్లని ఒక లేఖ ఎక్కువ ఉపకరిస్తుంది. పరిశోధన వ్యాసంలో సొంత ఇంటి ప్రస్తావన తేవడం మర్యాద కాదని తెలుసు. అయితే నాకు అందుబాటులో ఉన్న పూర్తి పాఠం ఇదొక్కటే. అమ్మ, అన్నయ్య ఇద్దరి అనుమతితోనే దీనిని ఉదాహరిస్తున్నాను.

నేను ఇంటర్మీడియట్ చదువుతున్న రోజుల్లో అన్నయ్యకు జబ్బు చేసింది. ఊళ్లో ఆర్.ఎం.పి. డాక్టరు, ఆపైన తాయెత్తు, ఆపైన పట్నంలో ఒక ఆసుపత్రి అన్నది అందరి ఇళ్లలో జరిగే క్రమమే; దాని వివరాలు అనవసరం. ఆసుపత్రిలో అమ్మ 'ఇదేం జబ్బు సార్' అని అడిగితే, చీటీ రాస్తున్న డాక్టరు 'నరాల వీక్‌నెస్ అనుకోండమ్మా, మాత్రలు ఆపకండి' అన్నాడు. ఆమె మంచికే ఆ మాట అన్నాడు. పిచ్చి అన్న మాట తప్పించాడు. కానీ అమ్మ ఆ మాటను సమాచారంగా తీసుకుంది. నరాలకు బలహీనత అయితే బలం పెట్టాలి. పాలు, గుడ్లు, టానిక్కు. ఆరు నెలల్లో అన్నయ్య ఒళ్లు చేశాడు. బలం వచ్చింది కాబట్టి బలహీనత పోయిందని మాత్రలు మానిపించింది. ఆమె తర్కంలో ఏ లోపమూ లేదు. ఆమెకు ఇచ్చిన పదంలో ఉంది. ఆ తరవాత రెండోసారి ఆసుపత్రిలో గడిపిన నెలకు మూలం ఒక సభ్యోక్తి.

చాలా ఏళ్లకు, వంటల పుస్తకం మధ్యలో ఒక ఇన్‌లాండ్ లెటర్ కనిపించింది. ఒక వారపత్రిక శీర్షికకు అమ్మ రాసి, పోస్టు చేయనిది. 'మాకు తెలిసిన ఒకరి అబ్బాయి' అని మొదలవుతుంది. నాలుగో వాక్యం దాకా ఆ 'ఒకరు' నిలబడతారు. అయిదో వాక్యంలో 'వాడు పదకొండు రాత్రుల నుంచి నిద్ర పోలేదు' అని వస్తుంది. రాత్రులు లెక్కపెట్టినవారు తెలిసినవారు కారు, తల్లి. అక్కడి నుంచి 'వాళ్లబ్బాయి' పోయి 'వాడు' మిగులుతాడు. చివర మళ్లీ జాగ్రత్తపడి 'వారికి మీ సలహా తెలియజేయగలరు' అని ముగించి, కింద 'ఒక తల్లి, ఊరు పేరు వేయవద్దు' అని రాసింది.

ప్రథమపురుష నుంచి జారి మళ్లీ ప్రథమపురుషకు చేరుకున్న ఈ కథనాన్ని ఏ సిద్ధాంతంతో వివరించినా, దానిలో జరిగినది స్పష్టం. మరొకరి పేరు చాటున తప్ప అడిగే చోటు లేదు. అడగడం మొదలయ్యాక ఆ చాటు నిలవలేదు. సర్వసాక్షి కథనం నుంచి అంతరంగ కథనంలోకి జారే వాక్యాల గురించి 'అల్పజీవి'లో మనం పాఠం చెబుతాం. అదే కదలిక ఇక్కడ సిగ్గు వల్ల, అవసరం వల్ల జరిగింది.

ఇంకొక తేడా. నవలలు కలలను నమోదు చేశాయి. ఈ లేఖ నిద్రను నమోదు చేసింది. ఎన్ని రాత్రులు, ఎన్ని పూటలు తిండి, ఎవరిని గుర్తుపట్టాడు, ఎవరిని పట్టలేదు. చివర నాలుగు ప్రశ్నలున్నాయి. ఇది జబ్బా, కావాలని చేస్తున్నాడా? మాత్రలు ఎన్నాళ్లు? పెళ్లి సంబంధం వస్తే ముందే చెప్పాలా? వాడి తోబుట్టువుకు కూడా వస్తుందా? నాలుగో ప్రశ్న నా గురించి. ఆమె దానిని ఒకసారి రాసి, కొట్టేసి, కింద మళ్లీ రాసింది.

ఎందుకు పోస్టు చేయలేదని అడిగితే, 'చేతిరాత గుర్తుపడతారేమో' అంది. వారపత్రిక కార్యాలయంలో ఆమె చేతిరాత గుర్తుపట్టేవారు ఎవరుంటారు? ఈ ప్రశ్న నేను అడగలేదు.

శీర్షిక చేయలేనిది, నవల చేసినది

ప్రశ్నోత్తర శీర్షికను ఆదర్శీకరించడం నా ఉద్దేశం కాదు. జవాబిచ్చేవారు రోగిని చూడరు. స్థలం పరిమితం. వచ్చిన ఉత్తరాల్లో ఏవి వేయాలో సంపాదకుడి ఇష్టం. ఓర్పు పట్టమని, సర్దుకోమని స్త్రీలకే చెప్పే ధోరణి ఈ ప్రక్రియకు మొత్తంగా ఉన్న జాడ్యం. అమ్మ ఉత్తరం వెళ్లి ఉంటే ఆమెకు ఉపయోగపడే జవాబు వచ్చి ఉండేదని కూడా చెప్పలేను. అయినా ఒక స్త్రీ తన ప్రశ్నను అచ్చులో మరొకరి పేరున చూసి, ఇది తన ఒక్కదానికే వచ్చిన కష్టం కాదని తెలుసుకోవడం చిన్న సంగతి కాదు. జవాబుకంటె ముందు ప్రశ్నే ఆసరా అవుతుంది.

ప్రజాదరణ పొందిన నవల ఈ ఖాళీలోకి మరొక దారిన ప్రవేశించింది. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' వైద్యుణ్ణీ మాంత్రికుణ్ణీ పక్కపక్కన నిలబెట్టి, తేల్చుకునే పని పాఠకుడికి వదిలింది. ఉత్కంఠకు అది మంచి ఎత్తుగడ. దానిమీద రంగనాయకమ్మ 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అన్న ఘాటైన విమర్శ రాశారు. ఆ విమర్శ స్వరంతో ఏకీభవించని వారు కూడా దానిలోని ఒక విశేషాన్ని గుర్తించాలి. ఒక నవలను పాఠకుడు సమాచారంగా వాడుకుంటాడని, ఇంట్లో జబ్బు చేసిన పిల్లను ఎక్కడికి తీసుకుపోవాలన్నది దాన్ని బట్టి నిర్ణయించుకోగలడని నమ్మి చేసిన విమర్శ అది. మన మనోవైజ్ఞానిక నవలా విమర్శకు ఆ నమ్మకం లేకపోయింది. శిష్ట నవలను శిల్పంగా, జనప్రియ నవలను ప్రభావంగా చదివే అలవాటు వల్ల, 'అంపశయ్య' చదివిన వసతిగృహ విద్యార్థి దాని నుంచి ఏం నేర్చుకున్నాడన్నది ఎవరూ అడగలేదు.

ఏ తెలుగులో?

ఇదంతా గతం అనుకోవడానికి వీల్లేదు. బెంగళూరు నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం వయోజనుల్లో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం దాకా చికిత్స అందనివారే. ఆ 12 రాష్ట్రాల్లో తెలుగు రాష్ట్రాలు రెండూ లేవన్నది కూడా గుర్తుంచుకోవాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పరిస్థితిని కాగితం మీద చాలా మార్చింది. ఆత్మహత్యకు యత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడనే 115వ సెక్షను భావిస్తుంది. 22వ సెక్షను ఇంకొక అడుగు వేసి, తన జబ్బు స్వభావం గురించి, చికిత్స గురించి, మందుల దుష్ఫలితాల గురించి తెలుసుకునే హక్కును రోగికి ఇచ్చింది. ఆ సమాచారం అతనికి అర్థమయ్యే భాషలో, రూపంలో ఉండాలని కూడా నిర్దేశించింది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడుతుంది.

చట్టం 'అర్థమయ్యే భాష' అన్నది. ఆ భాష ఏది? 'నరాల బలహీనత' అమ్మకు అర్థమైన భాషే. సమాచారం మాత్రం కాదు. ఇంగ్లీషు చీటీ సమాచారమే, భాష కాదు. 'ఉన్మాదం', 'చిత్తచాంచల్యం' వంటి సంస్కృత సమాసాలు రెండూ కావు. మందు పేరు, జబ్బు పేరు ఇంగ్లీషులోనే ఉండనిచ్చి, జబ్బు ఎలా ప్రవర్తిస్తుందో మాత్రం 'నిద్ర', 'పూట', 'రాత్రి', 'గుర్తుపట్టడం' వంటి ఇంటి మాటల్లో చెప్పవచ్చునని నాకు అనిపిస్తుంది. ఆ మాటలు నిఘంటువుల్లో కంటె ప్రశ్నోత్తర శీర్షికల పాత సంచికల్లో, పాఠకులు తమ బాధను చెప్పుకున్న వాక్యాల్లో దొరుకుతాయి. పారిభాషిక పదాల కమిటీల్లో తెలుగు శాఖల వారు కూర్చుంటున్నప్పుడు ముందు పెట్టుకోవలసిన కట్ట అది.

నిరుడు ఎం.ఏ. మొదటి సంవత్సరం విద్యార్థులకు మా పర్యవేక్షకుల బదులు 'అంపశయ్య' పాఠం చెప్పే అవకాశం నాకు వచ్చింది. చైతన్యస్రవంతి లక్షణాలు బోర్డు మీద రాసి, ఉదాహరణలు చూపాను. తరగతి అయ్యాక అందరూ వెళ్లినా ఒక విద్యార్థి ఆగి, 'రవి ఆ రూమ్మేటుకైనా చెప్పుకోవచ్చు కదండీ, ఎందుకు చెప్పలేదు?' అని అడిగాడు. అది పాత్రచిత్రణకు సంబంధించిన ప్రశ్న అనుకుని, పరాయీకరణ గురించి పది నిమిషాలు జవాబు చెప్పాను. అతను నోట్సు రాసుకుని, థాంక్సండీ అని వెళ్లిపోయాడు. రాత్రి వసతిగృహంలో ఆ ప్రశ్న మళ్లీ గుర్తుకు వచ్చింది. మర్నాడు అతని గది వెతుక్కుంటూ వెళ్లాను. అక్కడ జరిగిన సంభాషణ ఈ వ్యాసంలో రాయదగింది కాదు.